ఆరు చుట్లు, ఒక పద్యం

ఆ వేసవి మొదట్లో మా ఇంట్లో పాలకి కరువు లేదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇంకెవరింట్లోనూ అన్ని పాలు ఉండి ఉండవు. మా ఆయన కోటేశ్వరరావు గారికి సిగరెట్ కాల్చాలనిపించినప్పుడల్లా "పాలున్నాయో లేవో, ఓ గాలన్ తెచ్చి పడేస్తా" అంటూ కారు తాళాలు అందుకునేవారు. ఎక్కడో పార్కింగ్‌లో రెండు కాల్చి, గమ్ నమిలి, సాక్ష్యానికి పాలు పట్టుకుని ఇంటికొచ్చేవారు. పాల వెనక సంగతి నాకు తెలియదని ఆయన, తెలియనట్టు నేను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అందరూ చూసిందే. మా ఇంటి పిల్లి పాలు మోసుకొచ్చేది, అంతే తేడా. నేను ఆ పాలు తోడేసి, కోవా చేసి, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ చేతిలో డబ్బాలు పెట్టి పంపేదాన్ని.

మే నెలాఖరున మెమోరియల్ డే వెళ్ళిన ఆదివారం నరసింహ గారు వచ్చారు. మా తెలుగు సంఘానికి నాటకాలు రాసేదీ ఆయనే, ఆడించేదీ ఆయనే. సెప్టెంబరు మొదట్లో జరిగే లేబర్ డే సభల కోసం కొత్త పద్యనాటకం రాశారు. కరువు పట్టిన రాజ్యంలో ఒక రాజు కథ. కాగితం మా ఆయన చేతిలో పెట్టి, "రాజు మబ్బుని అడిగే ఈ ఆటవెలది ఒకసారి అనవయ్యా కోటేశ్వర్రావ్" అన్నారు.

ఎండు నేల మీద ఎదురుచూస్తున్నాను
ఒక్క చుక్క రాల్చి ఊరు నిలుపు
కంటి నీరు పోసి కాపాడుకున్నట్టి
గింజ మొలకలెత్తి గెలువనిమ్ము

మా ఆయన కాగితం చూసి, కళ్ళజోడు తీసేసి, మోహనలో ఎత్తుకున్నారు. వంటింట్లో ఉన్నదాన్ని గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చేశాను. పెళ్ళిచూపుల నాడు నేను ఈ మనిషి మొహం సరిగ్గా చూడనేలేదు. తెనాలి పక్కన మా మేనత్త ఇంట్లో కూర్చుని పాడిన పద్యం మాత్రం విన్నాను. ఆ గొంతుకే సరేనన్నాను. అది మళ్ళీ మా హాల్లో వినపడేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది.

మూడు పాదాలు బాగానే వెళ్ళాయి. నాలుగో పాదం చివర 'గెలువనిమ్ము' అని అందుకుని రాగం తీయబోయేసరికి దగ్గు తెర వచ్చేసింది. సోఫా చేయి పట్టుకుని వంగిపోయారు. నేను మంచినీళ్ళు తెచ్చాను. ఆయన తాగలేదు.

నరసింహ గారు అన్నారు, "గొంతు ఉందయ్యా నీకు, దానికేం లోటు లేదు. ఊపిరే లేదు. ఈ పద్యం ప్రాణమంతా ఆ చివరి రాగంలోనే ఉంది."

"మానేస్తానండీ."

"పదేళ్ళ నుంచీ మానేస్తూనే ఉన్నావు. ఆగస్టు మొదటి ఆదివారం వస్తా, మళ్ళీ వింటా. అప్పుడు కూడా దగ్గితే రాజు వేషం రాకేష్‌కిస్తా. ఆ కుర్రాడికి పద్యం రాదు, ఊపిరుంది." గుమ్మం దగ్గర నా వైపు తిరిగి, "చెల్లెమ్మా, నీ మీద పెడుతున్నా" అన్నారు.

నా మీద పెట్టడమేమిటి? ఆయన పెదాలు నా చేతుల్లో ఉన్నాయా? నికోటిన్ ప్యాచ్‌లు అతికించాం, గమ్‌లు నమిలించాం, ఒకసారి నామీద ఒట్టు కూడా వేయించాను. నేను బతికే ఉన్నాను కాబట్టి ఒట్టుకి బలం లేదని తేలిపోయింది.

ఈసారి వేప్, అదే బ్యాటరీతో నికోటిన్ ఆవిరి పీల్చే గొట్టం, ప్రయత్నిద్దామని ఆయనే అన్నారు. వాళ్ళ ఆఫీసులో ఎవరో దాంతోనే మానేశారట. సరే పదండని పక్క ఊరు ఐసెలిన్ దాటాక ఒక ప్లాజాలో ఉన్న వేప్ షాపుకి వెళ్ళాం. కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి నన్ను చూసి గతుక్కుమంది. నేనూ గతుక్కుమన్నాను. నమ్రత. కిందటి బతుకమ్మకి జాకెట్ నా దగ్గరే కుట్టించుకుంది. ఏం చేస్తావమ్మా అని అడిగితే రిటైల్ బిజినెస్ అని చెప్పింది. అబద్ధమేమీ కాదు.

"ఆంటీ, నన్ను ఈడ చూసినట్టు సంఘంల ఎవ్వరికి చెప్పకుండ్రి. ప్లీజ్" అంది.

"నువ్వూ నన్ను చూడలేదమ్మా" అన్నాను.

ఆ ఒప్పందం మీద పని మొదలైంది. ముందు ఒక రెడీమేడ్ పరికరం ఇచ్చింది. నాలుగు రోజులు లాగి, "ఇది గొంతుకి తగలట్లేదే చాముండీ, పొయ్యి ఊదే గొట్టం పీల్చినట్టుంది" అన్నారాయన. ఆ నాలుగు రోజుల్లో ఫ్రిజ్‌లోకి మూడు గాలన్లు వచ్చాయి.

మళ్ళీ వెళ్ళాం. అప్పుడు నమ్రత అద్దాల అరలోంచి బొటనవేలంత ట్యాంకు ఒకటి తీసింది. "అంకుల్‌కి రీబిల్డబుల్ ఇస్త. కాయిల్ మనమే చుట్టుకోవాలె, పత్తి మనమే పెట్టుకోవాలె. పత్తి నికోటిన్ జ్యూస్ తాగుతది, కాయిల్ కాలి దాన్ని ఆవిరి చేస్తది. ఎంత గట్టిగ కావాల్నంటే అంత గట్టిగ సెట్ చేస్కోవచ్చు. కానీ చేతికి ఓపిక ఉండాలె" అని, సన్నటి తీగ తీసి, మూడు మిల్లీమీటర్ల సన్న కడ్డీ మీద ఆరు చుట్లు చుట్టి చూపించింది. ఒక చుట్టు పక్కన ఒక చుట్టు, మధ్యలో సందు లేకుండా. రెండు కొసలనీ రెండు చిన్న స్తంభాలకి స్క్రూలతో బిగించింది. ఇక మా ఆయన అందుకున్నారు. ఆయనకి బైఫోకల్స్‌లోంచి తీగ రెండుగా కనపడుతుంది, దానికి తోడు సిగరెట్ లేని చెయ్యి వణుకుతోంది. మొదటి కాయిల్ ఎగిరి కార్పెట్ మీద పడింది. రెండోది స్క్రూ బిగిస్తుంటే తెగింది. మూడోదాన్ని ఆయనే విసిరేశారు.

నాకు ఉండబట్టలేదు. పాతికేళ్ళుగా జాకెట్ల హుక్కులకి కాజాలు కుట్టిన చేతులు నావి. "ఇలా ఇవ్వండి" అని తీగ లాక్కున్నాను.

ఆరు చుట్లు. ఒకదానికొకటి ఒదిగి కూర్చున్నాయి. నమ్రత దాన్ని కరెంటు కొలిచే మీటర్ మీద పెట్టి, "ఆంటీ, నేను రెండు నెలలు నేర్చుకున్న ఇది!" అంది. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ముప్ఫై ఏళ్ళు సిగరెట్ల మీద పోట్లాడినదాన్ని, చివరికి మొగుడికి పొగ తయారుచేసి పెట్టే పని నా చేతికే వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వర్జీనియాలోని షాంటిలీ నుంచి మా అమ్మాయి దేదీప్య ఫోన్‌లో కేకలేసింది. "అమ్మా, సీరియస్‌లీ? నువ్వు మేక్ చేస్తున్నావా డాడీకి? అది కూడా బ్యాడే. సేఫ్ అని ఎవరూ చెప్పరు."

"సిగరెట్ మానాలి కదే."

"ఓకే, బట్ తర్వాత అది కూడా ఆపాలి. నికోటిన్ తగ్గించు. ట్వెల్వ్ మిల్లీగ్రామ్స్, సిక్స్, త్రీ, జీరో. ప్రామిస్ మీ."

ప్రామిస్ చేశాను. మాటిచ్చిన తర్వాత తప్పే అలవాటు మా ఇంట్లో ఒక్కరికే ఉంది.

శనివారం పొద్దున కుట్టుమిషన్ పక్కన బల్ల మీద కూర్చుని మొదటి కాయిల్ నేనే కట్టాను. పత్తి పెట్టకుండానే బటన్ నొక్కి చూడమని నమ్రత చెప్పింది. తీగ మధ్యలోంచి ఎర్రబడి రెండు వైపులకీ సమానంగా పాకాలి. పాకింది. ఇక పత్తి. అది నాకొకరు నేర్పాలా? ఏటా కార్తీకంలో లక్ష వత్తులు చేసే చేతులు. నమ్రత ఇచ్చిన పత్తి పక్కన పడేసి, దేవుడి గూట్లోంచి మంచి పత్తి తీసి, వేళ్ళకి కాస్త విభూతి అద్దుకుని, గట్టిగా, నున్నగా, దారంలా మెలిపెట్టాను. కాయిల్లోంచి దూర్చి, కొసలు కత్తిరించి, జ్యూస్ పోసి, గర్వంగా ఆయన చేతికిచ్చాను.

ఆయన బటన్ నొక్కి గట్టిగా ఒక దమ్ము లాగారు. ఆ తర్వాత పావుగంట దగ్గు. ఇల్లంతా కాలిన గుడ్డ వాసన. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "చంపేస్తావా నన్ను?" అన్నారు. గోడకున్న తాళాలు తీసుకున్నారు.

"ఎక్కడికి?"

"పాలు..."

ఫ్రిజ్‌లో రెండు గాలన్లు ఉన్నాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కారు వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. తప్పు నాదే. ఆ రోజు ఆయన మీద కోపం రాలేదు. నా చేతుల మీద వచ్చింది.

సోమవారం ఆ కాలిన పత్తిని కాగితంలో చుట్టుకుని నమ్రత దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆమె వాసన చూసింది. "ఆంటీ, దీంట్ల బూడిద వాసన వస్తుంది ఏంది?"

"విభూతి."

నమ్రత కౌంటర్ మీద తల పెట్టి నవ్వింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆ వత్తిని విప్పి చూపించింది. చివర తడిగానే ఉంది, నడుమ నల్లగా మాడింది. "చూడుండ్రి, గింత గట్టిగ మెలేస్తే జ్యూస్ లోపలికి ఎట్ల పోతది? దీపంల నూనె నిమ్మలంగ ఎక్కినా చల్తది. ఈడ బటన్ నొక్కంగనే అందాలె. మెలేయొద్దు ఆంటీ. పీచు అంత ఒక్క దిక్కుకు ఉండాలె, దువ్విన జుట్టు లెక్క."

మెలిపెట్టకుండా వత్తి! మా అమ్మ వింటే నా చేతి మీద ఒక్కటి వేసేది. "మరి ఎంత బిగువుండాలి?" అని అడిగాను.

"లూజుంటే కారుతది. టైటుంటే మాడుతది. లాగుతుంటే కొంచెం పట్టినట్టుండాలె, కానీ కాయిల్ కదలొద్దు. అది చెప్తే రాదు ఆంటీ, చేతికి తెలవాలె."

"లంగాలో బొందు ఎక్కించినట్టా?"

నమ్రత ఒక్క క్షణం ఆలోచించింది. "గంతే! గట్లనే ఆంటీ! యూట్యూబ్‌ల ఒక్కడు చెప్పలే గింత మంచిగ" అని నా చెయ్యి పట్టుకుంది.

బొందు ఎక్కించడం తెలియని ఆడది ఎవరుంటారు? బట్ట ముడుచుకోకూడదు, బొందు జారిపోకూడదు. ఇంటికొచ్చి నమ్రత ఇచ్చిన పత్తి చిన్న పాయ తీసి, వేళ్ళతో నిలువుగా దువ్వి, కొసని మాత్రం సూదిమొనలా చేసి కాయిల్లోంచి లాగాను. చేతికి తెలిసింది. కొసలు ఏటవాలుగా కత్తిరించి, కాస్త విప్పి, జ్యూస్ వచ్చే దారుల్లో అలా ఆనించాను, కుక్కలేదు. చుక్క చుక్కగా తడిపితే పత్తి పారదర్శకంగా మారుతూ తాగేసింది. ఐదు నిమిషాలు ఊరనిచ్చి, ముందు నేనే భయం భయంగా బటన్ నొక్కి చూశాను. సన్నగా చిటపటలాడి తెల్లటి ఆవిరి లేచింది. కాలిన వాసన లేదు.

ఆయన అనుమానంగానే అందుకున్నారు. చిన్న దమ్ము లాగారు. ఆగి, ఇంకొంచెం పెద్దది లాగి, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఎలా ఉంది?"

"అచ్చం అలాగే ఉందే."

ఆ మాటకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంతగా మురిసిపోయాను. సిగ్గులేదని ఎవరనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అక్కడినుంచి మా వారానికి ఒక పద్ధతి వచ్చింది. శుక్రవారం సాయంత్రం పాత పత్తి తీసేసి, తీగని కాల్చి మసి కడిగి, కొత్త పత్తి పెట్టేదాన్ని. రెండు వారాలకి కొత్త కాయిల్. ఆయన ఎదురుగా కూర్చుని నా సూది డబ్బా సర్దుతూ పద్యం అనుకునేవారు. మూడు పాదాలూ నోట్లోనే గొణుక్కుని నాలుగో పాదం దగ్గర ఆపేసేవారు. ఆపకండి అని నేను అనలేదు. ఆయన ఆ పాదాన్ని ఆగస్టుకి దాచుకుంటున్నారని అర్థమైంది. పన్నెండు మిల్లీగ్రాముల బాటిల్ ఖాళీ అయ్యాక ఆరుది తెచ్చాం. "దీంట్లో ఏం లేదే, కూరలో ఉప్పు మర్చిపోయినట్టుంది" అని మూడు రోజులు సణిగారు. అలవాటయింది. తర్వాత మూడుది.

జూలై మూడో వారంలో ఒక పొద్దున డికాక్షన్ దించి, ఫ్రిజ్ తలుపు తీశాను. పెరుగుంది, పచ్చిమిరపకాయలున్నాయి, కొత్తిమీర ఉంది. అడుగు అరలో చూశాను. తలుపు అరలో చూశాను. గరాజ్‌లోని రెండో ఫ్రిజ్ దగ్గరికీ వెళ్ళి చూశాను.

పాలు లేవు.

చాలాసేపు ఆ చల్లటి తలుపు పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ వంటింట్లోకి వచ్చి రెండు కప్పుల్లో నల్ల డికాక్షన్ పోసి, చక్కెర వేసి ఆయన ముందు పెట్టాను.

ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఇదేంటి? పాలేవీ?"

"నిండుకున్నాయండీ" అన్నాను.

ఆయన కప్పు వంక చూశారు, నా వంక చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి గాలన్ నుంచి."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నేనూ. ఆ చేదు నీళ్ళు ఇద్దరం చివరిదాకా తాగాం. ఆ రోజు సాయంత్రం దుకాణానికి వెళ్ళి పాలు తెచ్చింది నేను.

ఆగస్టు మొదటి ఆదివారం నరసింహ గారు అన్నట్టే వచ్చారు. రాకేష్‌ని కూడా వెంటబెట్టుకొచ్చారు. కావాలనే తెచ్చారని నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు. మా ఆయన సోఫాలో కూర్చోలేదు, నిలబడ్డారు. పద్యం ఎత్తుకున్నారు. నాలుగో పాదం వచ్చింది. 'గెలువనిమ్ము' మీద రాగం మొదలైంది. వెళ్ళింది, తిరిగింది, కిందికి దిగింది. పెద్ద రాగమేం కాదు. చివర కాస్త వణికింది కూడా. కానీ దగ్గు రాలేదు.

నరసింహ గారు మెచ్చుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. సంచిలోంచి టేపు తీసి, "చెల్లెమ్మా, వీడి తల కొలత తీయి, కిరీటం చేయించాలి" అన్నారు. రాకేష్ లేచి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "థాంక్ గాడ్ అంకుల్, నన్ను కాపాడారు. నాకు ఆ పద్యం అంటేనే హడల్" అన్నాడు.

సభ రోజు మధ్యాహ్నం, హైస్కూల్ ఆడిటోరియానికి బయల్దేరే ముందు, నేను మిషన్ బల్ల దగ్గర కూర్చుని కొత్త కాయిల్ కట్టాను. ఎన్నడూ కట్టనంత ముచ్చటగా కుదిరింది. పత్తి లాగాను, కొసలు కత్తిరించాను. స్కూల్లో అలాంటివి బయటికి తీయకూడదని తెలుసు. కానీ కంగారు పడితే కారులోనైనా రెండు దమ్ములు లాగుతారు కదా అని. జ్యూస్ బాటిల్ మూత తిప్పుతూ అడిగాను, "తడపనా?"

ఆయన అద్దం ముందు మీసం దిద్దుకుంటున్నారు. వెనక్కి తిరగలేదు. "వద్దులే" అన్నారు.

"రేపటికైనా..."

"వద్దే చాముండీ. అది ముట్టుకుని వారమైంది. నువ్వు తెచ్చిన మూడు మిల్లీగ్రాముల బాటిల్ చూడు, అలాగే ఉంది."

చూశాను. నిజమే. ఆ ట్యాంకుని పొడి పత్తితోనే మూతపెట్టి చేతిసంచిలో వేసుకున్నాను.

హాలు నిండింది. నేను మూడో వరసలో కూర్చున్నాను. వెనకెక్కడో నమ్రత వాళ్ళ ఆయనతో కూర్చుంది. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం చూడనట్టే ఊరుకున్నాం. షాంటిలీ నుంచి దేదీప్య వచ్చి నా పక్కన కూర్చుంది. తెర లేచింది. చినిగిన జరీ అంగవస్త్రంతో, నేను కొలతలు తీసిన కిరీటంతో మా ఆయన రంగం మీదికి వచ్చి, మబ్బు వైపు చూసి చేతులు చాచారు.

ఎండు నేల మీద ఎదురుచూస్తున్నాను...

హాలు సద్దుమణిగింది. రెండో పాదం. మూడో పాదం. నాలుగో పాదం చివర ఒక్క క్షణం ఆగి, గుండె నిండా ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి నాకు మూడో వరసలో వినపడింది. 'గెలువనిమ్ము' అని అందుకున్నారు. రాగం లేచింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. ఇక దిగుతారనుకున్నచోట దిగలేదు, ఇంకా పైకెళ్ళారు. పై షడ్జం మీద నిలబడ్డారు. దేదీప్య నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, హౌ ఈజ్ హీ స్టిల్ గోయింగ్?" అంటోంది. నేనూ ఆయనతో పాటే ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి అయిపోయింది. ఆయనది అవలేదు.

రాగం దిగి ముగిసింది.

అప్పుడు మూడో వరసలోంచి ఒక ఆడగొంతు లేచింది. "వన్స్‌మోర్!"

అందరూ తిరిగి చూశారు. జాకెట్లు కుట్టే చాముండేశ్వరి గారు, సభల్లో చప్పట్లైనా మెల్లిగా కొట్టే మనిషి, సీట్లోంచి లేచి నిలబడి అరుస్తోంది. నేనే. మళ్ళీ అరిచాను. వెనక వరసల్లోంచి నమ్రత లేచి, "వన్స్‌మోర్ అంకుల్! వన్స్‌మోర్!" అని చేతులెత్తి కేకేసింది. ఇక హాలంతా అందుకుంది. నరసింహ గారు పక్క తెర చాటునుంచి తల బయటపెట్టి, ఇంకేం చేస్తాం పాడు అన్నట్టు చెయ్యి ఊపారు.

మా ఆయన హాలంతా చూడలేదు. కిరీటం సర్దుకుని నా ఒక్కదాని వైపు చూశారు. నేను చేతిసంచిలో చెయ్యి పెట్టి ఆ ట్యాంకుని పట్టుకున్నాను. పత్తి ఇంకా పొడిగానే ఉంది.

ఆయన మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు. ఈసారి రాగం ఇంకా పెద్దది తీశారు.